చిన్నాయన దగ్గితే ఆగే గిత్త

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, ఊళ్ళో పాత కొట్టం పడగొట్టిస్తున్నానని, రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవడానికి అక్కడ రేకుల షెడ్డు వేస్తున్నానని, నాకు కావలసిందేమైనా ఉంటే వచ్చి చూసుకోమని చెప్పాడు. నెల్లూరులో కోట బస్సెక్కి వెళ్ళాను. ఇలాంటప్పుడు జ్ఞాపకాలు రాసేవాళ్ళకి చూరులో ఏదో ఒకటి దొరకడం మర్యాద. ఒక కంచుగంట, ఒక ముకుతాడు ముక్క, ఏదీ లేకపోతే తుప్పుపట్టిన లాడమైనా. నేను గంటసేపు వెతికితే చెదలు దొరికాయి, ఒక తేలు దొరికింది. తేలును మావాడు చెప్పుతో చంపాడు. చెదలను వాటి మానాన వదిలేశాం. ఇక బయల్దేరదాం అనుకుంటుండగా కూలీలు పునాదికి నేల తవ్వడం మొదలుపెట్టారు. రెండు పారలు దిగేసరికి అడుగున తడి ఇసుక బయటపడి, గొడ్ల ఉచ్చ వాసన ఒక్కసారిగా గుప్పుమంది. యాభై ఏళ్ళకు పైగా అక్కడ ఒక్క గొడ్డు కూడా కట్టలేదు. అయినా ఆ ఇసుక ఇంకా మరిచిపోలేదు. మావాడు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడ్డాను.

మా ఊరు కోటకు తూర్పున, సముద్రం మోత వినిపించేంత దూరంలో ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, కాకపోతే మోత జనరేటర్లది. ఆ కొట్టానికి తాటాకు కప్పు. సముద్రపు గాలి, వాన కొట్టకుండా తూర్పు వైపు మందపాటి మట్టిగోడ, పడమర మాత్రం తెరిచి ఉండేది. నేల మీద జానెడు మందాన ఇసుక పోసేవాళ్ళు, పడుకుని లేచేటప్పుడు ఎద్దుల మోకాళ్ళు చెక్కుకుపోకుండా. పదిహేను రోజులకోసారి తడిసిన ఇసుక ఎత్తి చేలకు తోలి, ఇసకమిట్ట నుంచి కొత్తది తెచ్చి పోసేవాళ్ళు. మా ఇంట్లో మనుషులకు పరుపులు లేవు కానీ ఎద్దులకు వేళకు పక్క మార్చేవాళ్ళు ఉండేవారు. పొద్దు వాలేటప్పుడు మా జేజి, అంటే నాయనమ్మ, కొట్టంలో పచ్చి వేపాకు పొగ వేసేది, దోమలు చేరకుండా. కుడితి తొట్టిలో చెయ్యి మోచేతి దాకా ముంచి, తవుడు ఉండలు కట్టకుండా కలిపి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు సరిపోయిందో లేదో చూసేది. మా కూరలకు ఆ పరీక్ష ఎప్పుడూ పెట్టినట్టు లేదు, తిన్నవాళ్ళం చెప్పగలం. ఎద్దులు మూతి పెట్టనిదే ఇంట్లో ఎవరికీ కంచం పడేది కాదు.

ఆ కొట్టానికి అధికారి మా చిన్నాయన పెంచలయ్య, మా నాయన తమ్ముడు. పెళ్ళయిన ఏడాదికే భార్య పురిట్లో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తన వాటా భూమి మాతోనే కలిపి ఉంచి, మంచం మాత్రం కొట్టంలో వేసుకున్నాడు. ఇంట్లో ఆయనకు అన్నం ఉండేది, మాట ఉండేది కాదు. ఏ విత్తనం చల్లాలి, ఏ చేను కౌలుకివ్వాలి, ఏ పెళ్ళికి వెళ్ళాలి, ఏదీ ఆయన్ను అడిగేవాళ్ళు కాదు. ఎద్దుల విషయం వచ్చిందంటే మాత్రం మా నాయన కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఊళ్ళో ఎవరు కోడెదూడను పనికి అలవాటు చెయ్యాలన్నా చిన్నాయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మనిషిగా ఆయనకు ఆ ఊళ్ళో ఉన్న చోటు అదొక్కటే. అది పోతే ఆయన కొట్టంలో పడుకునే ఒక ముసలాడు, అంతే. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. పదిహేడేళ్ళ వయసులో నాకు తెలిసినవన్నీ ఎస్సెల్సీ పేపర్లలో రాశాను, వాళ్ళు తప్పించారు.

కొత్త కాడి చేయిస్తే చిన్నాయన ముందు దాన్ని తన మెడ మీద పెట్టుకుని వాకిట్లో నాలుగు చుట్లు తిరిగేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఒరుసుకున్న చోటే దానికీ ఒరుసుకుంటుంది అని, అక్కడ ఇంకాస్త చెక్కించి, ఆముదం పట్టించి, ఎండలో పెట్టి, మళ్ళీ ఎత్తుకునేవాడు. ముకుతాడు తనే గోగునారతో పేని, వేలి మీద లాగి చూసుకునేవాడు. మొన తేలిన ములుకర్ర ఆయన చేతిలో నేనెప్పుడూ చూడలేదు. నాలుక చివర చేసే చప్పుడొకటి, తోక మొదట్లో అరచెయ్యి ఆనించడం ఒకటి, ఆ రెంటితోనే తోలేవాడు. ఇంక ఆయనకున్న ఆస్తి చుట్ట, చుట్ట తెచ్చిపెట్టిన దగ్గు. రెండు పొట్టివి, వాటి వెనక ఒక పొడుగుది. ఆయన కనపడకముందే దగ్గు సందు మలుపు తిరిగేది. ఊళ్ళో చిన్న పిల్లలు కూడా దాన్ని అనుకరించేవాళ్ళు. అందరికంటే బాగా చేసేది నేనే. నా మీద నాకున్న గౌరవంలో సగం దాని వల్లే.

ఆ ఏడు మా ఎద్దుల జతలో దాపటిది, అంటే కాడికి ఎడమ పక్కన కట్టేది, జబ్బు చేసి పోయింది. కుడి పక్కన కట్టే నల్లది, కర్రెద్దు, ఒక్కటే మిగిలింది. దానికి జతగా ఇంట్లో పుట్టిన పాలరంగు గిత్తను తయారుచెయ్యాలి. రెండు పళ్ళు వేసిన వయసు, అంటే మూడేళ్ళు, పేరు పాలోడు. వానలకు ముందే వాడు పనిలో కుదరాలి, లేదంటే చెరువు నీళ్ళు మా వంతుకు వచ్చినప్పుడు దమ్ము చెయ్యడానికి, అంటే నాటుకు బురద దున్నడానికి, జత ఉండదు. పరీక్ష తప్పి ఇంట్లో ఉన్న నన్ను నాయన చిన్నాయనకు అప్పగించాడు. అప్పుడు ఇంట్లో పనికి అలవాటు కావలసినవాళ్ళం ఇద్దరం, నేనూ పాలోడూ.

మా వైపు గిత్తల్ని ఇసకమిట్ట మీదే అలవాటు చేసేవాళ్ళు. ఇసుకలో ఎగిరినా గంతులేసినా కాళ్ళు విరగవు, త్వరగా అలిసిపోయి తల వంచుతాయి. కర్రెద్దునూ పాలోణ్ణీ కాడికి కట్టి, వెనక తాటిమొద్దు తగిలించి, తెల్లవారుతుండగా సరుగుడు చెట్ల సర్వితోపు పక్కన అటూ ఇటూ నడిపించేవాళ్ళం. నేను ముందు ముకుతాడు పట్టుకుని, చిన్నాయన వెనక. మొదటిరోజు పాలోడు నన్ను రెండుసార్లు ఇసుకలో పడేశాడు. కర్రెద్దు ఆగి, నేను లేచేదాకా చూసి, మళ్ళీ నడిచింది. ఆ నెల్లాళ్ళలో నాకు దక్కిన గౌరవం అదే.

చిన్నాయన చెప్పిన పాఠం ఒక్కటే. "మొదట్నెల్లో నేర్చింది దానికి చచ్చేదాకా పోదు. ఈ నెల దాని ముందర ఎదవ పనులు చెయ్యబాక."

ఎందుకు చెప్పాడోగానీ, చెప్పకపోయి ఉంటే నాకు తట్టేది కాదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు పాలోణ్ణి ఒంటరిగా మిట్ట మీదికి తోలుకెళ్ళేవాణ్ణి. వాడు నడుస్తుంటే వెనక నుంచి చిన్నాయన మాదిరి దగ్గేవాణ్ణి, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. దగ్గి, వాణ్ణి ఆపి, నోట్లో తాటిబెల్లం ముక్క పెట్టేవాణ్ణి. బెల్లం జేజి కుండలోది. జేజి ఎలుకల మీద అనుమానంతో కుండ పక్కన బోను పెట్టింది, అందులో నా చూపుడువేలు పడింది. గిత్త మాత్రం నాకంటే చురుకైనది. పది రోజులు తిరిగేసరికి, దగ్గు వినపడగానే ఎక్కడిదక్కడే ఆగి, మెడ వెనక్కి తిప్పి, నాలుక చాపేది.

గిత్త కుదిరిందో లేదో చూడడానికి నలుగురు పెద్దలు మిట్ట మీదికి వచ్చే రోజు కోసం నేను ఆగాను. ఆ రోజు రానే వచ్చింది. చిన్నాయన కొత్త తువ్వాలు కట్టుకుని జతను తోలాడు. రెండు చుట్లు చక్కగా తిరిగాయి. మూడో చుట్టులో దగ్గు వచ్చింది. పాలోడు ఠక్కున ఆగిపోయాడు. కర్రెద్దు ఇంకో అడుగు వేయబోయి కాడి వంకర తిరిగి నిలబడింది. పాలోడు మెడ తిప్పి చిన్నాయన వైపు నాలుక చాపాడు. పక్కచేని రమణయ్య అందరికంటే ముందు నవ్వాడు.

"ఏం పెంచలయ్యా, గిత్తకి నాగలి నేర్పినావా, నాగాలు నేర్పినావా?"

నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నవ్వు నోటి దాకా వచ్చింది కూడా. చిన్నాయన తోలలేదు, కసరలేదు. నడిచి గిత్త ముందుకు వెళ్ళి, దాని నుదుటి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత రమణయ్యతో అన్నాడు, నెమ్మదిగానే.

"నేను దగ్గితే ఆగినాడబ్బా. ఇరవై ఏళ్ళుగా దగ్గతా ఉండా. ఒక్కరన్నా ఆగి, ఏంది పెంచలయ్యా అని అడిగినారా? వీడు ఆగినాడు."

ఎవరూ నవ్వలేదు. నా మొలలో తాటిబెల్లం ముక్క చెమటకు కరిగి పంచెకు అంటుకుంటోంది. వేళాకోళం చెయ్యడానికి వీల్లేని మాట నేను వినడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన చుట్టల దుకాణం దగ్గర, చాకలి ఇంటి దగ్గర, కనపడిన ప్రతివాడితోనూ ఆ సంగతి చెప్పుకుంటూ పోయాడు. ఇంటికొచ్చి జేజితో కూడా చెప్పాడు. జేజి కుండ వైపు ఒకసారి, నా వేలికి కట్టిన గుడ్డ వైపు ఒకసారి చూసి, కుడితి కలుపుకోవడానికి పోయింది.

వానలు పడ్డాయి, నీళ్ళు మా వంతుకు వచ్చాయి. ఇసుకలో ఆగడం వేరు, దమ్ములో ఆగడం వేరు. మోకాళ్ళ లోతు బురదలో చిన్నాయన దగ్గినప్పుడల్లా పాలోడు ఆగేవాడు. ఒకటి ఆగి ఇంకొకటి లాగితే కాడి మెలిపడి కర్రెద్దు మెడ నలిగేది. మూడోరోజు కర్రెద్దు ముందుకాళ్ళ మీద పడిపోయింది. నీళ్ళ వంతు ఇంకో నాలుగు రోజులే. సగం చేను మిగిలిపోయింది. మా నాయన గట్టు మీద నిలబడి, ఈ గిత్తను సంతకు తోలేసి ఎవరి జతనన్నా అడుక్కుంటానన్నాడు. చిన్నాయన మర్నాటి నుంచి చుట్ట మానేశాడు. దగ్గు వచ్చినప్పుడు తువ్వాలు నోట్లో కుక్కుకుని, నాగలి మేడి మీదికి వంగి, మింగేవాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, మెడ నరాలు ఉబ్బేవి, పొడుగు దగ్గు ఒంట్లోనే ఎటో పోయేది. గిత్త ఆగకుండా నడిచేది. ఇంట్లో అందరం, చుట్ట మానేశాక పెంచలయ్య దగ్గు తగ్గిందే అనుకున్నాం. అందరం అంటే నేను తప్ప. నేను వెనకే నారుకట్టలు మోస్తూ చూస్తూనే ఉన్నాను.

రెండు రోజులు మింగాడు. మూడోరోజు మేడి నా చేతికిచ్చాడు. "నా వల్ల గావడంలే. నువ్వు తోలు అబ్బయా. నీ కాడ ఆగడు వాడు." అని, దగ్గు వినపడనంత దూరం నడిచిపోయి, గాలి దగ్గును చేను వైపు మోసుకురాని పక్కన సర్వితోపులో కూర్చున్నాడు. ఊరందరి గిత్తలకూ పని నేర్పిన మనిషి తన గిత్త దున్నుతుంటే దగ్గరికి రాకూడదని తనే నిర్ణయించుకున్నాడు. చేను పూర్తయింది. నాట్లు పడ్డాయి. బాగా దున్నావని నాయన నన్ను మెచ్చుకున్నాడు. నా జీవితంలో నాకు దక్కిన మెప్పుల్లో నేను ఎక్కడా చెప్పుకోనిది అది.

చలి ముదిరేసరికి తువ్వాలు మీద రక్తం కనపడింది. బండి కట్టుకుని కోటకు, అక్కణ్ణుంచి బస్సులో నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందని డాక్టరు అడిగాడు. మా నాయన, "చాన్నాళ్ళ నుంచి ఉండాదండీ, ఈ మధ్యనే తగ్గినాది" అన్నాడు. డాక్టరు నాయన ముఖంలోకి చూశాడు. క్షయ ఎదురురొమ్మంతా పాకిందని, ఇంతకుముందే తెచ్చి ఉండాల్సిందని చెప్పి, సూదిమందులు రాసిచ్చాడు. సూదులు వేయించాం. అవి చెయ్యగలిగింది చేశాయి.

కంచమూ చెంబూ వేరుపెట్టారు. మంచం ఎలాగూ ఎప్పటినుంచో వేరే. కొట్టంలో పడుకుని ఆయన దగ్గితే మొదట్లో పాలోడు మేత మానేసి తల తిప్పేవాడు. చిన్నాయన అది చూసి, నాకూ చూపించి, మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. వారం గడిచేసరికి వాడు తిరగడం తగ్గించాడు. ఇంకో వారానికి చెవి మాత్రం ఆడించేవాడు. బెల్లం ఆగిపోయి నాలుగు నెలలైంది మరి, గొడ్డు మాత్రం ఎన్నాళ్ళని నమ్ముతుంది? ఒక పొద్దున నేను గడ్డి వేస్తుంటే చిన్నాయన దగ్గి, దగ్గి, గాడి వైపు చూశాడు. పాలోడు నెమరేస్తున్నాడు.

"మర్చిపోయినాడురా."

ఆయన మాటే ఆయనకు గుర్తుచేద్దామని, "మొదట్నెల్లో నేర్చింది పోదన్నావే చిన్నాయనా" అన్నాను.

"అది నేను నేర్పింది కాదు గదా. అది వాడి మనసు. మనసు పోతుంది."

ఆ క్షణంలో చెప్పవలసింది. చిన్నాయనా అని పిలిచాను కూడా. ఏందన్నాడు. గడ్డి తడిగా ఉందన్నాను. ఆయన సరేనని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పూటే జేజి కుండలో చెయ్యి పెట్టాను. బోను తీసేసి ఉంది. కుండ మూత కూడా తీసే ఉంది. ఆయన నిద్రపోతున్నప్పుడు కొట్టం వెనక పెరట్లోకి గిత్తను తోలుకెళ్ళి, గొంతు తగ్గించి దగ్గుతూ, బెల్లం పెడుతూ, మొదటి నుంచీ మళ్ళీ నేర్పాను. ఇంత శ్రద్ధ పుస్తకాల మీద పెట్టి ఉంటే ఈపాటికి కలెక్టరయ్యేవాణ్ణి. ఐదోరోజుకు పాలోడు మళ్ళీ తిరిగాడు. చిన్నాయన దగ్గి, చూసి, ఇంకోసారి ఊరికే, అవసరం లేకుండా దగ్గి, చూశాడు. వాడు తిరిగాడు. ఆ రోజు ఆయన గంజి అడిగి తాగాడు.

చిన్నాయన మాఘమాసంలో, కోతలు నడుస్తుండగా, పట్టపగలు పోయాడు. నేను కళ్ళంలో ఉన్నాను. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి జేజి మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉంది. ఎద్దులు ఎప్పటిలాగే గడ్డి తింటున్నాయి. వాటి నుంచి కన్నీళ్ళు ఆశించినవాళ్ళు ఒకరిద్దరు తొంగిచూసి నిరాశపడ్డారు.

ఇప్పుడు ఆ చేలన్నీ రొయ్యల గుంటలు. మిగిలిన నాలుగెకరాలు ట్రాక్టరు ఒక పూటలో దమ్ము చేసి పోతుంది. డ్రైవరు దగ్గినా తుమ్మినా అది ఆగదు, ఆగకపోవడమే దానిలో మంచి గుణం. మెడలు నలగవు, మోకాళ్ళు చెక్కుకుపోవు. ఆ రోజులే బంగారం అని నేను అనను. అవి ఎంత బంగారమో కాడి మోసిన మెడను అడగాలి. కాకపోతే అప్పుడు ఇంట్లో ఒక మాట దక్కని మనిషికి కూడా, తను చెయ్యి వేస్తే తల వంచే ప్రాణి ఒకటి ఉండేది. ఇప్పుడు అలాంటి మనిషికి ఏముందో నాకు తెలియదు. మా తమ్ముడి కొడుకు దగ్గర పనిచేసే కాపలావాడు గుంట గట్టు మీద రోజంతా ఒక్కడే తిరుగుతాడు. అతని పేరు అడిగితే మావాడు కాసేపు ఆలోచించాడు.

అప్పటి మాటకు వస్తే, ఆ ఏడు వేసవి పంటకు దుక్కులు మొదలైనప్పుడు చిక్కు వచ్చింది. నేను రెండోసారి నేర్పిన పాఠం గిత్తకు గట్టిగా పట్టింది. గట్టు మీద పోయేవాళ్ళు ఎవరు దగ్గినా ఆగుతోంది. నాయన రెండు రోజులు చూశాడు. మూడోరోజు పొద్దున కాడి కడుతుంటే దగ్గరికొచ్చి, ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి నిమురుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మాన్పించు. నేర్పినోడివి నువ్వే గదా. గొడ్డు నోట్లో బెల్లం వాసన తెలీదా నాకు?"

గొంతులో కోపం లేదు. మొదటిసారి నుంచే తెలుసా, రెండోసారికి తెలిసిందా, తెలిసీ తమ్ముడికి ఎందుకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనకూ నాకూ మధ్య అడగకుండా మిగిలినవాటిలో అదొకటి.

మాన్పించడానికి దారి ఒకటే. దగ్గాలి, బెల్లం పెట్టకూడదు, ఆగనివ్వకూడదు. దగ్గు సరిగ్గా ఉండాలి. చిన్నాయన పోయిన మూడు నెలలకు మేడి పట్టుకుని, ఆయన చేలో, ఆయన దగ్గు దగ్గాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. పక్కచేలో రమణయ్య వంగినవాడల్లా లేచి నిలబడ్డాడు. పాలోడు ఆగి మెడ తిప్పాడు. తోక మొదట్లో అరచెయ్యి ఆనించి నడిపించాను. రోజుకు ఇరవైసార్లు, ముప్పైసార్లు. మూడోనాడు జేజి సద్ది తెస్తూ తోపు మలుపులో ఆ దగ్గు విని నిలబడిపోయింది. తర్వాత వచ్చి సద్ది దుత్త గట్టు మీద దించి, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. నేను ఇంకో మూడు సాళ్ళు తోలేదాకా లేవలేదు.

ఆరోరోజుకు పాలోడు ఆగడం మానేసి అడుగు తడబడేవాడు. ఎనిమిదోరోజుకు చెవి మాత్రం వెనక్కి తిప్పేవాడు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం దగ్గాను, చెవి కూడా కదలలేదు. సరిగ్గా చెయ్యలేదేమోనని ఊపిరి తీసుకుని మళ్ళీ దగ్గాను. నా చెవికే చిన్నాయన వెనక నడుస్తున్నట్టనిపించింది. పాలోడు కర్రెద్దుతో సమంగా అడుగులేస్తూ సాలు చివరిదాకా పోయాడు.

గట్టు మీద నుంచి నాయన అన్నాడు, "కుదిరినాడు. ఇంక దగ్గబాక."

ఎద్దుల్ని మళ్ళించి కొత్త సాలు పట్టాను. సగం దూరం పోయాక, నాయన వెళ్ళిపోయాడో లేదో చూసుకుని, ఇంకొక్కసారి దగ్గాను. ఆగుతాడేమోనని.